పడితే ఆపుత

ఆ పుస్తకం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. అరచేతి వెడల్పు పుస్తకం, నీలం అట్ట. అట్ట మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా మరక కట్టి ఉంటుంది. బాక్సింగ్ ఆట నియమాలన్నీ అందులో ఉన్నాయి. మనిషి ఎప్పుడు పడ్డట్టు లెక్క అనే దానికి ఒక పేజీ ఇచ్చారు. పాదాలు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా పడ్డట్టే. తాళ్ల మీద చేతగాక వేలాడినా పడ్డట్టే. నేలకు తగలకపోయినా, తాళ్లకు వేలాడకపోయినా, సగం స్పృహ పోయి ఇక ఆడలేడని రెఫరీకి అనిపిస్తే, నిలబడి ఉన్నా సరే పడ్డట్టే. ఇంత తేటగా రాసిపెట్టారు. కానీ ఇంగ్లీషులో రాసిపెట్టారు. ఆ రోజు ఆ మైదానంలో ఆ పుస్తకం తెరిచి చదివింది నేనొక్కదాన్నే. నా మాట వినకూడదని మాత్రం అందరూ ఒక్కటై కూర్చున్నారు.

అది డెబ్బై తొమ్మిది, ఫిబ్రవరి. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. వరంగల్‌లో ఒక మిషన్ దవాఖానలో ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. అందులో మూడేళ్లు దెబ్బలు తగిలినవాళ్లు వచ్చే వార్డులోనే గడిచాయి. లారీ గుద్దినవాళ్లు, తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, గెట్టు తగాదాలో కట్టెదెబ్బ తిన్నవాళ్లు. తలకు దెబ్బ తగిలినవాడు ఎలా ఉంటాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లేచి కూర్చుంటాడు, నీళ్లడుగుతాడు, నాకేం కాలేదు ఇంటికి పోతానంటాడు. అడిగిందే మళ్లీ అడుగుతాడు. చూడవచ్చినవాళ్లు బాగానే ఉన్నాడని వెళ్లిపోతారు. ఆ తర్వాత వాంతి చేసుకొని పడిపోతాడు. అలాంటివాళ్లను ఎందరినో చూశాను.

పోటీల దగ్గర డాక్టరు ఉండాలని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. పోటీలు పెట్టిన సంఘానికి సెక్రటరీ రాజేశ్వర్ రావు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, ఊళ్లో ఏ ఆట పెట్టినా ఆయనే సెక్రటరీ, ఏ ఆటా ఆడి ఎరగడు. మా దవాఖానకు వచ్చి డాక్టరును పంపమని అడిగాడు. ఆదివారం మధ్యాహ్నం డాక్టరుకు తీరిక లేదన్నారు.

"ఒక సిస్టర్నన్న పంపుర్రి సార్. ముక్కు పగిల్తె దూది వెట్టనీకి," అన్నాడు.

నన్ను పంపారు. నేను కాదనలేదు, ఎందుకంటే ఆ పోటీల్లో మా దేవదానం ఆడుతున్నాడు.

దేవదానం నా తమ్ముడు, నాకంటే ఐదేళ్లు చిన్నవాడు. మాది వర్ధన్నపేట పక్కన పల్లె. నాయన పోయాక అమ్మ మా ఇద్దరినీ తీసుకొని కాశిబుగ్గకు వచ్చి దవాఖానలో ఆయాగా చేరింది. అమ్మ పేరు దీనమ్మ. ఒంటి చేత్తో నన్ను నర్సు చదివించింది. వాణ్ణీ చదివిద్దామంటే వాడు బడి ఎగ్గొట్టి కుస్తీ నేర్పే తాలీంలో తేలేవాడు. పెద్దయ్యాక పగలు లారీ షెడ్డులో పని, పొద్దునా సాయంత్రం తాలీం. ఆ తర్వాత ఎవరో గ్లవుజులు తెచ్చారు, వాడి లోకమంతా అదే అయింది. ఇక్కడ గెలిస్తే హైదరాబాద్ పంపుతారని, అక్కడ గెలిస్తే పోలీసులో తీసుకుంటారని వాడికి ఎవరో ఎక్కించారు. అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, వాడు మెడలో తువ్వాల వేసుకొని బయల్దేరుతుంటే గడపలో నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పక్కన్నే ఉంటవు కద?" అంది.

"ఉంటనే అమ్మా. నాకు కుర్చీ సుత ఏస్తాన్రట."

"వానికేమన్న అయితాంటే ఆపుతవు కద?"

"ఆపుత," అన్నాను. నవ్వుతూ అన్నాను.

హన్మకొండలో ఒక బడి మైదానంలో చెక్కలతో గద్దె కట్టి, దాని మీద కాశిబుగ్గ జంపఖానాలు నాలుగైదు వరసలు పరిచి, పైన గుడ్డ బిగించి రింగు చేశారు. చుట్టూ తాళ్లు. జనం బాగానే వచ్చారు. హైదరాబాద్ నుంచి రావాల్సిన రెఫరీ మాత్రం రాలేదు, టెలిగ్రాం వచ్చింది. ఇంత ఏర్పాటు చేసి, ముఖ్య అతిథి మెడలో వేయడానికి దండ కూడా తెప్పించి, ఇప్పుడు వాయిదా వేసేదేముందనుకున్నాడు రాజేశ్వర్ రావు. రాయమల్లు ఉస్తాద్‌కు తెల్లచొక్కా తొడిగి రింగులోకి ఎక్కించాడు.

రాయమల్లు ఉస్తాద్ మంచివాడు. ఇది చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. చెడ్డవాడైతే ఒకసారి కడుపునిండా తిట్టి మర్చిపోయేదాన్ని. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. కోట దగ్గర తాలీం నడిపేవాడు. జిల్లాలో ఏ జాతరలో కుస్తీలు పెట్టినా మట్టిలో నిలబడి తీర్పు చెప్పేది ఆయనే. సొంత కొడుకు ఓడితే అందరికంటే ముందు తానే ఓడాడని చెప్పినవాడు. నాయన లేని మా దేవదానాన్ని పద్నాలుగో ఏట చేరదీసి, తన ఇంట్లో పాలు తాగించి, ఒంటికి నూనె పట్టించి మనిషిని చేసింది కూడా ఆయనే. శిష్యుడు ఆడే పోటీకి గురువే రెఫరీ ఏమిటని ఎదుటివాడి తరఫున కాజీపేట నుంచి వచ్చినవాళ్లు కూడా అడగలేదు. ఉస్తాద్ న్యాయం తప్పడని అందరి నమ్మకం. నిజమే, ఆయన న్యాయం తప్పలేదు. కాకపోతే అది కుస్తీ న్యాయం.

కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓటమి. తగలనంతవరకు ఓటమి లేదు. మోకాళ్ల మీద కూలినా, మెడ విరిగేటట్టు వంగినా, వీపు తగలనంతవరకు ఆట ఉన్నట్టే. మధ్యలో ఎవరైనా పెద్దమనిషి కలగజేసుకొని చాలించమంటే ఆ పహిల్వాన్‌కు అంతకంటే అవమానం లేదు, ఊళ్లో తలెత్తుకోలేడు. నలభై ఏళ్లు ఆయన చూసింది వీపునే. ఆయన కళ్లు దానికే అలవాటు పడ్డాయి. మావాడికి నేర్పింది కూడా అదే.

ఆట మొదలుకాకముందు నేను వెళ్లి అడిగాను. ఆయన్ని మేము కాకా అనేవాళ్లం.

"కాకా, ఆట ఎప్పుడు ఆపుతవు?"

"పడితే ఆపుత బిడ్డా. పడితే పది దాక లెక్కవెడ్త. లేస్తే ఆడుతడు, లేవకుంటే అయిపాయె. సెక్రటరీ సాబ్ అంత చెప్పిండు."

"పడకుంటే?"

ఆయన నవ్వాడు. "పడనోన్ని ఎట్ల ఆపుతరు బిడ్డా. నిలవడ్డోన్ని ఆపుడంటే వాని ఇజ్జత్ తీసుడే."

అప్పటికి నేను ఆ పుస్తకం చూడలేదు. అది నా ముందు టేబుల్ మీదే ఉంది, టీ గ్లాసుల కింద. మొదటి రెండు ఆటలు జరుగుతుంటే ఊరికే కూర్చోలేక తీసి తిరగేశాను. పడ్డట్టు లెక్క అనే పేజీ రెండుసార్లు చదివాను. చదివి, పక్క కుర్చీలో ఉన్న రాజేశ్వర్ రావుకు చూపించాను.

"ఇది ఉస్తాద్‌కు చెప్పిన్రా సార్?"

ఆయన పేజీ వైపు చూడను కూడా లేదు. "అన్ని చెప్పినం సిస్టర్. మీరు దూది, అయోడిన్ చూస్కోర్రి," అని పుస్తకం నా చేతిలోంచి తీసుకొని, మళ్లీ టీ గ్లాసు కింద పెట్టాడు.

మావాడి ఆట మూడోది. ఎదుటివాడు సారయ్య, కాజీపేట కుర్రాడు, మావాడి ఈడువాడే. ఎడమ చేతి గుద్దుకు పేరున్నవాడు. మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. ఇప్పటిలా తలకు తొడిగేవి ఆ రోజుల్లో లేవు. తల ఎవరి తల వాళ్లదే, ఎవరి అదృష్టం వాళ్లదే.

మొదటి రౌండు మావాడిదే. చేపలా తప్పించుకుంటూ, సందు దొరికినప్పుడల్లా కొడుతుంటే తాలీం కుర్రాళ్లు గొంతులు చించుకున్నారు. నేను కూడా చప్పట్లు కొట్టాను, దాచడమెందుకు. వాడు తన మూలకు వెళ్తూ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. మా ఇంట్లో చేపల కూర ఉడికిన రోజు అమ్మ వైపు అలాగే చూసేవాడు.

రెండో రౌండు సగంలో సారయ్య ఎడమ చెయ్యి పక్కనుంచి తిరిగి వచ్చి మావాడి కుడి కణతకు తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు. జనానికి అది తెలియనే లేదు. నాకు తెలిసింది. వాడి మోకాళ్లు ఒక్క క్షణం వంగి మళ్లీ నిలబడ్డాయి. ఆ తర్వాత గడ్డం దగ్గర ఉండాల్సిన ఎడమ చెయ్యి నడుము దాకా జారింది. వాడు పైకి తెచ్చుకుంటాడు, అది మళ్లీ జారుతుంది. గంట కొట్టగానే వాడు తన మూలకు కాక సారయ్య మూలకు నడిచాడు. జనం ఘొల్లున నవ్వారు. సారయ్య వాడి భుజం పట్టుకొని తిప్పి పంపాడు. సారయ్య నవ్వలేదు.

నేను ఒక్క ఉదుటున వాడి దగ్గరికి వెళ్లాను. లారీ షెడ్డులో వాడితో పనిచేసే యాకయ్య నీళ్లు పోసి ముఖం తుడుస్తున్నాడు.

"దేవా, ఇటు చూడు. రెండు చేతుల్తోని నా చేతులు గట్టిగ నొక్కు," అన్నాను.

కుడి గ్లవుజు నొక్కింది. ఎడమది ఊరికే నా చేతిలో పడి ఉంది.

"అమ్మ వచ్చిందా?" అన్నాడు.

"రాలే. ఇంటికాడ ఉంది."

యాకయ్య నీళ్లు తాగించాడు. వాడు గుటక వేసి, "అమ్మ వచ్చిందా?" అన్నాడు.

"రాలే అన్న కదరా."

"అక్కా, అమ్మ వచ్చిందా?"

లేచి ఉస్తాద్‌ను పిలిచాను.

"కాకా, ఆపు. వాని తలకు దెబ్బ తాకింది. ఎడమ చెయ్యి పని చేస్తలేదు. అడిగిందే అడుగుతాండు."

ఆయన వచ్చాడు. వచ్చి, వాడి ముందు వంగి, ఏం చేశాడు? వాణ్ణే అడిగాడు.

"ఏం రా, ఆడ్తవా?"

"ఆడ్త ఉస్తాద్."

"ఆడ్త అంటాండు కద బిడ్డా," అన్నాడు నా వైపు తిరిగి.

ఇదెక్కడి న్యాయం. కల్లు తాగి తూలుతున్నవాణ్ణి నీకు నిషా ఎక్కిందా అని అడిగి, లేదంటే బండి పగ్గాలు చేతికిచ్చినట్టు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి నీ తల బాగుందా అని అడగడమేమిటి? పైగా ఉస్తాద్ అడిగితే కాదనే నోరు వాడికి ఎప్పుడుంది? పద్నాలుగో ఏట నుంచి ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు నేర్పారు. ఆ జవాబు ఇవ్వడానికి వాడికి తెలివితో పని లేదు, నాలుక ఉంటే చాలు.

రాజేశ్వర్ రావు అప్పటికే వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"సిస్టర్, తమ్ముడని భయపడ్తానవు. తోడబుట్టినదానికి ఉంటది, మాకు తెల్వదా. జర కూచో తల్లీ."

ముందు వరస కుర్చీల్లో ఉన్నవాళ్లు నవ్వారు. "అక్క పానం గట్లనే ఉంటది మరి," అన్నాడొకడు.

నేను నర్సుగా చెప్పాను, వాళ్లు అక్కగా విన్నారు. అదే మాట వేరే కుర్రాడి గురించి చెప్పి ఉంటే, నర్సుకేం తెలుసు డాక్టరు చెప్పాలి అనేవాళ్లు. వాడికి అక్కని కాకపోతే నర్సుని, నర్సుని కాకపోతే ఆడదాన్ని. ఎటు తిప్పినా నా మాట చెల్లదు. పిలిచి కుర్చీ వేసింది దేనికి, దూది పెట్టడానికి. పగలకుండా ఆపమని చెప్పడానికి కాదు, పగిలాక తుడవడానికి.

అంతకంటే పాడు పని నేను చేశాను. కూర్చున్నాను.

వాళ్ల మీద ఎంత కోపం ఉందో దీని మీద అంతకు రెట్టింపు ఉంది. నేను నిజంగానే అక్కనై బెదిరిపోతున్నానా అని నన్ను నేనే అనుమానించాను. మూడేళ్లు ఆ వార్డులో నేర్చుకున్నదంతా పక్కన పెట్టి, నలుగురి నవ్వును నమ్మాను. కొంగు సర్దుకొని వెళ్లి బుద్ధిగా నా కుర్చీలో కూర్చున్నాను. అమ్మకు ఇచ్చిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే కూర్చున్నాను. గంట కొట్టారు.

మూడో రౌండు మొదలైన కాసేపటికే మావాడు తాళ్లకు చేరాడు. వెనక్కి ఒరిగేసరికి ఎడమ చెయ్యి పై తాడు మీదుగా అవతలికి పడి, చంక తాడుకు చిక్కింది. కాళ్లు నేల మీద ఉన్నాయన్న పేరే గాని వాటి మీద బరువు లేదు. బరువంతా తాడు మోస్తోంది. కుడి చెయ్యి ఒక్కటి ముఖానికి అడ్డం పెట్టుకొని ఉన్నాడు. సారయ్య రెండు గుద్దులు కొట్టి ఆగాడు. వెనక్కి ఒక అడుగు వేసి రెఫరీ వైపు చూశాడు.

"ఉస్తాద్," అన్నాడు.

"ఆడుర్రి," అన్నాడు ఉస్తాద్.

ఆయన నడుము వంచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని చూస్తున్నాడు. ఎక్కడ చూస్తున్నాడో నాకు తెలుసు. జాతరల్లో చూసినట్టే మావాడి వీపునూ నేలనూ చూస్తున్నాడు. రెంటికీ మధ్య బోలెడంత జాగా ఉంది. ఆ జాగా చూసి ఆయన తృప్తిగా ఉన్నాడు. వాడి కళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

జనం ఊగిపోతున్నారు. "శభాష్ దేవదానం. నిలవడు, నిలవడు" అని ఒకటే అరుపులు. చావుదెబ్బలు తింటూ వీపు తగలనీయని మొండివాడు వాళ్లకు బాగా నచ్చాడు. సారయ్య ఇంకో గుద్దు కొట్టాడు. మెల్లగా, భుజం మీద, కొట్టాలి కాబట్టి కొట్టినట్టు. మళ్లీ ఆగాడు.

"వీడు సూస్తలేడు ఉస్తాద్," అన్నాడు. "నా దిక్కు సూస్తలేడు."

"ఆడుమంటాన కద. ఊకె ఆగితే నిన్ను ఓడగొడ్త," అన్నాడు ఉస్తాద్.

కొట్టేవాడికే కొట్టబుద్ధి కావడం లేదు. ఆపాల్సినవాడు కొట్టమని గద్దిస్తున్నాడు. అంతవరకు నాకున్నది భయం. అప్పుడు కోపం వచ్చింది. దేవుడు నన్ను క్షమించాలి, ఆ కోపం ఒక్క రౌండు ముందు రావాల్సింది.

లేచేసరికి టేబుల్ కదిలి టీ గ్లాసులు కింద పడ్డాయి. మెట్లెక్కి తాళ్ల మధ్య దూరాను. చీర కొంగు ఏదో కొక్కేనికి తగులుకొని పర్రున చిరిగింది. "ఆడిది రింగుల వోతాంది సూడుర్రి" అని ఎవరో అరిచారు. ఈలలు వేశారు. నన్ను చూడగానే సారయ్య రెండు చేతులూ దించేసి పక్కకు జరిగాడు. ఎవరైనా వస్తే బాగుండునని చూస్తున్నవాడిలా జరిగాడు.

"దిగు బిడ్డా," అన్నాడు ఉస్తాద్. "ఆట నడుస్తాంది. వాడు నిలవడే ఉన్నడు."

"వాడు నిలవడలే కాకా. తాళ్లు నిలవెట్టినయి."

"నా కండ్ల ముంగటనే ఉన్నడు. పడలే."

"చూస్తవా?" అన్నాను.

మావాడి చంక కింద చెయ్యి పెట్టి, ఆ ఎడమ చేతిని తాడు మీంచి తప్పించాను. నేను చేసింది అంతే. వాడు గోతం కూలినట్టు నా మీదికి కూలాడు. ఆపడం నా వల్ల కాలేదు, వాడితో పాటు నేనూ పడ్డాను. వాడు వెల్లకిలా పడ్డాడు. వీపు నేలకు తగిలింది.

ఉస్తాద్ చెయ్యి పైకెత్తాడు.

"ఒకటి," అన్నాడు.

నేను విన్నది నిజమేనా అనుకున్నాను.

"రెండు," అన్నాడు. "మూడు."

వాడి కుడి కన్ను రెప్ప ఎత్తి చూశాను. ఆ ఎండలో కూడా కంటిపాప ముడుచుకోలేదు, పెద్దగా నల్లగా తెరుచుకొని ఉంది. ఎడమది మామూలుగా ఉంది. ఇది ఏమిటో నాకు తెలుసు. నా తల మీద నాలుగు అని వినిపించింది.

"లెక్కవెట్టకు కాకా," అన్నాను. "లెక్కవెట్టకు. రిక్షా పిలువు."

ఐదు అన్నాక ఆయన ఆగాడు. ఎత్తిన చెయ్యి మాత్రం దించడం మర్చిపోయాడు.

ముఖ్య అతిథి జీపు పక్కనే ఉంది. అయ్యగారిని అడగాలన్నాడు డ్రైవరు. అయ్యగారు మెడలో దండతో రాజేశ్వర్ రావు వైపు చూశాడు, రాజేశ్వర్ రావు మైకు వైపు చూశాడు. వాళ్ల చూపులు తెమిలేలోగా సారయ్య వచ్చి మావాణ్ణి ఎత్తుకున్నాడు. చేతులకు ఇంకా గ్లవుజులే ఉన్నాయి, వేళ్లతో పట్టుకోలేడు, రెండు మోచేతుల మధ్య ఇరికించుకొని మోశాడు. యాకయ్య గేటు దగ్గర రిక్షా ఆపాడు. నేను వాడి తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, ఎత్తు వచ్చినచోటల్లా సారయ్య ఆ గ్లవుజులతోనే వెనక నుంచి రిక్షా తోశాడు. సారయ్య మళ్లీ ఎప్పుడూ గ్లవుజులు తొడగలేదని తర్వాత విన్నాను.

పెద్ద సర్కారు దవాఖానలో సర్జన్ ఉండడం మా అదృష్టం. పుర్రెకు రంధ్రం చేసి లోపల పేరుకున్న నెత్తురు తీశాడు. లోపలికి పోయే ముందు కాగితం మీద రాసుకుంటూ, తేడా ఎప్పుడు కనపడింది, ఎవరైనా చూశారా అని అడిగాడు.

"నేను చూసిన సార్. రెండో రౌండు అయిపోంగనే."

"నువ్వు ఏం చేస్తవమ్మా?"

"నర్సును."

ఆయన కాగితం మీంచి తలెత్తి నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్లాడు. తిట్టినా బాగుండేది. అమ్మ కూడా ఏమీ అనలేదు. ఆపుత అన్నవు కద అని ఏదో ఒక గడియలో అంటుందని రోజుల తరబడి ఎదురుచూశాను. ఆమె నా చిరిగిన కొంగుకు సూదిదారంతో కుట్టు వేసి ఇచ్చింది, అంతే.

నాలుగో రోజు వాడు కళ్లు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. పెదవులు తడుపుకొని అడిగిన మొదటి మాట, "గెలిచిన్నా అక్కా?"

గెలవలేదు. రాజేశ్వర్ రావు ఫలితాల కాగితం టైపు చేయించి గోడకు అంటించాడు. యాకయ్య చూసొచ్చి చెప్తే నమ్మక నేనే వెళ్లి చదివాను. దేవదానం, ఓటమి. కారణం, బయటి వ్యక్తి రింగులోకి ప్రవేశించుట. వాళ్లే పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టిన మనిషిని ఆ కాగితంలో బయటి వ్యక్తినయ్యాను. అంతకు ముందు అక్కను. నర్సును ఒక్కసారి కూడా కాలేదు. ఆ రోజే సంఘం ఆఫీసు టేబుల్ మీంచి ఈ పుస్తకం తీసి సంచిలో వేసుకున్నాను. ఎవరూ అడగలేదు, అది పోయిందని ఎవరికీ తెలిసి ఉండదు.

మర్నాడు ఉస్తాద్ వార్డుకు వచ్చాడు. తువ్వాలలో బత్తాయిలు కట్టుకొని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంచం మీద గుండు కొట్టించి తలకట్టు కట్టిన శిష్యుణ్ణి చూసి కళ్లు తుడుచుకున్నాడు. నేను బయటికి వచ్చాను.

"వాడు పడలే కద బిడ్డా," అన్నాడు. వాదానికి రాలేదు, నిజంగా అడుగుతున్నాడు. "నా కండ్లార చూసిన. నువ్వు చెయ్యి తీసినంకనే పడ్డడు."

పుస్తకం తీసి ఆ పేజీ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆయన తల వంచుకొని విన్నాడు. మూడోది మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"నిలవడ్డా?"

"నిలవడ్డా పడ్డట్టే కాకా."

"ఈ ముక్క నాకెవ్వలు చెప్పలే."

"నేను చెప్పిన. రెండో రౌండు అయినంక నీ ముంగట నిలవడి చెప్పిన. చెయ్యి పని చేస్తలేదన్న. అడిగిందే అడుగుతాండన్న. పుస్తకం లేకున్నా తెలుగుల్నే చెప్పిన కద."

ఆయన బత్తాయిల మూట ముడి మళ్లీ బిగించాడు. "నువ్వు వాని అక్కవని అట్ల అంటానవనుకున్న బిడ్డా," అన్నాడు.

"అక్కనే. అయితే?"

ఆయన మూట గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఆ బత్తాయిలు నేను ముట్టలేదు. అమ్మ నన్ను కేకలేసి పక్క మంచాలవాళ్లకు పంచిపెట్టింది.

రెండేళ్ల తర్వాత ఏదో జాతరలో ఉస్తాద్ నడుస్తున్న కుస్తీని ఆపాడట. కిందివాడి వీపు ఇంకా తగలనే లేదట, మెడ పట్టులో వాడి కళ్లు తేలేయడం చూసి విడిపించాడట. జనం ఆయన మీద మట్టి చల్లి, ముసలోనికి మతి పోయిందన్నారట. ఇది వినగానే నా మనసు చల్లబడిందని రాయాలని ఉంది. చల్లబడలేదు. ఇంకా మండింది. ఎవరి కొడుకునో చూసిన ఆ కళ్లు మావాణ్ణి ఎందుకు చూడలేదు? ఒకడి తల పగిలితే గాని వీళ్ల కళ్లు తెరుచుకోవా? ఆ ఒకడు మావాడే ఎందుకు కావాలి?

ఏడేళ్లయింది. దేవదానం కాశిబుగ్గలో సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు. నిరుడు పెళ్లయింది, అమ్మాయి పేరు ఎస్తేరు, నెమ్మదస్తురాలు. కుడి కణత పైన పుర్రె కొంచెం పల్లంగా ఉంటుంది, జుట్టు అటు దువ్వి కప్పుకుంటాడు. ఎడమ చేతిలో పట్టు పూర్తిగా రాలేదు. ట్యూబులో గాలి కొట్టగలడు, నట్లు బిగించలేడు. వాటికి కుడి చెయ్యి వాడతాడు. చూసేవాళ్లకు అంత తేడా తెలియదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక నేను దుకాణం వైపు వెళ్తుంటాను. తాలీం కుర్రాళ్లు నలుగురైదుగురు అక్కడ చేరి వాడి చేత ఆ కథ చెప్పించుకుంటుంటారు. మొన్న కూడా అదే.

"మూడో రౌండ్ల నేను తాళ్లకు ఆనుకొని దమ్ము తీస్కుంటాన. సారయ్య అప్పటికే అలిసిండు, చేతులు లేస్తలేవు వానియి. ఇంకొక్క నిమిషం ఉంటే నేనే గెలుస్తుంటి. గప్పుడు ఎక్కింది మా అక్క," అని నన్ను చూపించాడు. "పోలీసు నౌకరి పాయె. నేను పడలే. కావాలంటే ఉస్తాద్‌నడుగుర్రి."

కుర్రాళ్లు నా వైపు చూసి నవ్వారు. ఏడేళ్లుగా ఇదే. వాడు నాకు దండం పెట్టాలని నేనెప్పుడూ అనుకోలేదు గాని, ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఆ మూడో రౌండు వాడికి ఒక్క ముక్క గుర్తు లేదని నాకు తెలుసు. అమ్మ వచ్చిందా అని అడిగింది కూడా గుర్తు లేదు. చెప్పేదంతా జనం దగ్గర విని కూర్చుకున్నది. అదంతా ఆ నలుగురి ముందూ కడిగెయ్యాలని నోటి దాకా వచ్చింది.

ఎస్తేరు లోపల్నుంచి టీ తెచ్చింది. వాడికి గ్లాసు ఇచ్చి, నాకిస్తూ నా పక్కన నిలబడింది.

"నిజమేనా వదినె? ఈయన పడనేలేదా?" అంది. తను నవ్వడం లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పల్లాన్ని వేళ్లతో తడుముతున్న మనిషి, తెలుసుకోవాలని అడిగింది.

"పడలే," అన్నాను. "నేనే ఒక రౌండు లేటుగ ఎక్కిన."

కుర్రాళ్లకు అర్థం కాలేదు. దేవదానం నవ్వు ఆపి నా వైపు చూశాడు. పట్టు లేని ఎడమ చేతిలో గ్లాసు ఒరిగి టీ వాడి వేళ్ల మీద తొణికింది. గ్లాసు కుడి చేతికి మార్చుకున్నాడు. దుకాణం ముందు, దేనికీ ఆనకుండా, రెండు కాళ్ల మీద నిలబడి మిగిలిన టీ తాగాడు.